ఆకలి మీద చేసే నిర్ణయం

యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం



ఆదికాండము 25వ అధ్యాయంలోని ఏసావు కథ మన కుటుంబాలన్నింటికీ తెలిసినదే. ఒకనాడు ఏసావు పొలాల నుండి అలసిపోయి, ఆకలితో నకనకలాడుతూ ఇంటికి వచ్చాడు. తమ్ముడు యాకోబు పప్పు వండుతున్నాడు. ఆ గిన్నెడు పప్పు కోసం ఏసావు తన జ్యేష్ఠాధికారాన్ని అక్కడికక్కడే వదులుకున్నాడు. తిన్నాడు, త్రాగాడు, లేచి వెళ్లిపోయాడు. ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా ఏసావు తిండి యావను తప్పుపడతాం. కాని ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. తన జీవితంలోని అతి పెద్ద నిర్ణయాన్ని ఏసావు అన్నింటికంటే చెడ్డ ఘడియలో చేశాడు. ఒళ్లు అలసి ఉంది, కడుపు కాలుతోంది, ఎదురుగా పొగలు కక్కే గిన్నె ఉంది. అదే బేరం ఉదయం అంబలి తాగి కూర్చున్నప్పుడు పెట్టి ఉంటే అతడు ఒప్పుకునేవాడా?

ఈ వారం పాఠానికి ఈ ప్రశ్నే ఆధారం. మన యువతీయువకులలో కొందరు ఆపుకోలేనంతగా తినే అలవాటుతో లోలోపల బాధపడుతున్నారు. ఆ అలవాటుకు, వారు రోజువారీ నిర్ణయాలు చేసుకునే తీరుకు ఉన్న సంబంధాన్ని పరిశీలిద్దాం. సిగ్గు వలన ఇది బయటికి రాని బాధ. గురువుల దగ్గర, డాక్టరు దగ్గర, కన్నతల్లి దగ్గర కూడా పిల్లలు దీనిని దాచుకుంటారు. కాబట్టి కుటుంబంలో అందరూ కలిసి ఈ పాఠం చదవడం మంచిది.

తిండిపోతుతనం వేరు, ఇది వేరు

క్రిస్మస్ నాడు మేనత్త బలవంతం మీద నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నవాడు రోగి కాడు. పెళ్లి విందులో రెండోసారి బిరియాని వడ్డించుకున్న కుర్రవాడికీ జబ్బు లేదు. అక్కడ సంతోషం ఉంది, నలుగురి మధ్య తినడం ఉంది, చాలు అనుకున్నప్పుడు చేయి కడుక్కోవడం ఉంది.

మనం చెప్పుకుంటున్నది అది కాదు. 1959లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ ఈ తీరును గుర్తించి వ్రాశాడు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా తన పట్టికలో చేర్చింది. వైద్యులు దీనిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. మనం ఆపుకోలేని తిండి అని పిలుచుకుందాం. దాని గుర్తులు ఇవి. సుమారు రెండు గంటల వ్యవధిలో, ఎవరైనా మామూలుగా తినేదానికంటే చాలా ఎక్కువ తినడం. ఆ సమయంలో చేయి తన స్వాధీనంలో లేదని, ఆపాలన్నా ఆపలేకపోతున్నానని అనిపించడం. గబగబా తినడం. ఆకలి లేకపోయినా తినడం. కడుపు నొప్పి పుట్టేదాకా తినడం. సిగ్గుతో ఒంటరిగా తినడం. తిన్న తరువాత తన మీద తనకే అసహ్యం కలగడం. ఇలా వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలల పాటు జరిగితే వైద్యులు దానిని వ్యాధిగా పరిగణిస్తారు.

ఇది ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వస్తుంది. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా కనిపించే బిడ్డకు కూడా ఈ బాధ ఉండవచ్చు.

గుర్తులను మరోసారి చూడండి. వాటిలో రుచి అన్న మాట ఎక్కడా లేదు. ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు అన్నారు. ఈ బాధ కూడా రుచి ఎరగదు. సంతోషం కోసం తినేవాడు ఏది బాగుందో చూసుకుని తింటాడు. ఈ బిడ్డ చేతికి అందినది తింటుంది. చల్లబడ్డ అన్నం, బిస్కెట్ ప్యాకెట్, మిక్చర్ పొట్లం, ఏదైనా ఒకటే.

నిర్ణయం తప్పేది కంచం దగ్గర కాదు

చర్ల వైపు పల్లె నుండి వచ్చి ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నిన్న రాత్రి ఎక్కువ తిన్నానన్న బాధతో ఉదయం టిఫిన్ మానేసింది. మధ్యాహ్నం మెస్‌లో రెండు ముద్దలు కెలికి లేచిపోయింది. ఒక సబ్జెక్టు తప్పింది, ఆ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. "రేపు చెబుతాలే" అనుకుంటూ పది రోజులు గడిచాయి. సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు. "ఏం బిడ్డా, మంచిగ చదువుతున్నవా?" అని అడిగాడు. "ఆ, చదువుతున్న నాయనా" అంది. రాత్రి పదిన్నరకు గదిలో అందరూ పడుకున్నారు. ఆమె పెట్టెలో ఇంటి నుండి తెచ్చుకున్న అరిసెలు ఉన్నాయి. ఒకటి తిందామని తీసింది. పావుగంటలో డబ్బా ఖాళీ అయింది.

ఈమె ఎక్కడ ఓడిపోయింది? అరిసెల డబ్బా దగ్గర అని మనం అంటాం. ఆమె కూడా అలాగే అనుకుని, "నాకు మనోబలం లేదు" అని ఏడుస్తుంది. కాని రోజును వెనక్కి తిప్పి చూడండి. ఉదయం టిఫిన్ మానేయడం ఒక నిర్ణయం. మధ్యాహ్నం సగం అన్నం వదిలేయడం ఇంకొకటి. తండ్రికి నిజం చెప్పడం వాయిదా వేయడం మూడోది. పదిన్నరకు ఆమె చేయడానికి మిగిలిన నిర్ణయం దాదాపు ఏమీ లేదు. ఖాళీ కడుపు, భయపడిన మనసు, అలసిన శరీరం కలిసి ఆమె బదులు నిర్ణయించాయి.

మనుషులు నిర్ణయాలు చేసే తీరును పరిశీలించిన స్కాట్, బ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో ఐదు అలవాట్లను వివరించారు. మంచిచెడ్డలు ఆలోచించి నిర్ణయించడం. మనసుకు తోచినదానిని నమ్మి నిర్ణయించడం. ఇతరులు చెప్పినదానిపై ఆధారపడడం. వాయిదా వేస్తూ తప్పించుకోవడం. అప్పటికప్పుడు తొందరపడి తేల్చివేయడం. మనలో ప్రతి ఒక్కరిలోను ఈ ఐదూ ఎంతో కొంత ఉంటాయి. మన పాఠానికి సంబంధించినవి చివరి రెండు. పైకి అవి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. ఒకడు అసలు తేల్చడు, మరొకడు క్షణంలో తేల్చేస్తాడు. నిజానికి అవి తరచు ఒకే మనిషిలో జంటగా ఉంటాయి. పగలంతా వాయిదా వేసినవాడే రాత్రికి తొందరపడతాడు.

ఎందుకంటే వాయిదా వేసిన పని మరిచిపోబడదు. అది మనసులో బరువై కూర్చుంటుంది. 1991లో హెదర్టన్, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ తిండికి ఒక వివరణ ఇచ్చారు. తనను గురించిన బాధాకరమైన ఆలోచనల నుండి కాసేపు తప్పించుకోవడానికి మనిషి తిండిలోకి పారిపోతాడన్నారు. నోరు, చేయి పనిచేస్తున్నంతసేపు "నేను పనికిరానిదాన్ని" అన్న మాట వినబడదు. తినడం పూర్తి కాగానే ఆ మాట రెట్టింపు గట్టిగా వినబడుతుంది. బాధలో ఉన్నప్పుడు ముందువెనకలు చూడకుండా తొందరపడే స్వభావానికి, ఈ ఆపుకోలేని తిండికి దగ్గరి సంబంధం ఉందని తరువాతి అధ్యయనాలు కూడా చూపించాయి.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1994లో ఒక పేకాట పరీక్షను తయారుచేశారు. నాలుగు పేకముక్కల కట్టలుంటాయి. రెండు కట్టలు ఎత్తినప్పుడల్లా పెద్ద లాభం ఇస్తాయి, మధ్యలో అంతకంటే పెద్ద నష్టం తెస్తాయి. మిగిలిన రెండూ చిన్న లాభం, చిన్న నష్టం ఇచ్చి చివరికి లాభంలో నిలుపుతాయి. చాలామంది ఆడుతూ ఆడుతూ మంచి కట్టలకు మారతారు. ఆపుకోలేని తిండితో బాధపడేవారిలో కొందరు పెద్ద లాభం కట్టలనే ఎక్కువసేపు పట్టుకుని ఉన్నట్లు కొన్ని అధ్యయనాలలో కనిపించింది. అలాంటి తేడా కనిపించని అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి "ఈ పిల్లల బుద్ధి ఇంతే" అని ముద్ర వేయడానికి వీలు లేదు. పైగా ముందుచూపుకు సంబంధించిన మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. నిర్ణయం చేసే తీరు నేర్చుకోదగినది, మార్చుకోదగినది.

కఠినమైన ఒట్టు చేసే హాని

ఎక్కువ తిన్న మర్నాడు యువతీయువకులు సాధారణంగా చేసే పని ఒట్టు పెట్టుకోవడం. "రేపటి నుండి అన్నం ముట్టను, స్వీటు ముట్టను, ఒక్క పూటే తింటాను" అంటారు. పెద్దలు కూడా మెచ్చుకుంటారు. ఒక పూట తిన్నవాడు యోగి అన్న సామెత మనకు ఉండనే ఉంది. కాని ఈ బాధ ఉన్నవారికి ఆ ఒట్టు మందు కాదు, తరువాతి పతనానికి అదే దారి.

రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం చేశాడు. వారు తమంతట తాము ముందుకు వచ్చినవారు. 24 వారాలు వారికి దాదాపు సగం ఆహారమే ఇచ్చారు. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. పగలూ రాత్రీ తిండి గురించిన ఆలోచనలే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకోసాగారు. తిరిగి కావలసినంత తినవచ్చు అన్నప్పుడు వారిలో కొందరు కడుపు పగిలేలా తిన్నా తృప్తి పడలేకపోయారు. అంతకుముందు వారెవరూ తిండిపోతులు కారు. ఆకలే వారిని అలా మార్చింది.

1975లో పీటర్ హెర్మన్, డెబొరా మ్యాక్ అనే ఇద్దరు మరొక ప్రయోగం చేశారు. కాలేజీ అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీం ముందుంచి కావలసినంత తినమన్నారు. తిండి విషయంలో ఆంక్షలు లేనివారు మిల్క్‌షేక్ తాగినందున ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. ఎప్పుడూ కడుపు కట్టుకునేవారు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఆగడం దేనికన్నది వారి లెక్క. మన తెలుగులో దీనికి సిద్ధంగా ఒక సామెత ఉంది. నిండా మునిగినవాడికి చలేమిటి! ఒట్టు ఎంత కఠినమైతే అంత త్వరగా తప్పుతుంది, తప్పిన క్షణాన ఈ సామెత పనిచేస్తుంది. ఒక్క అరిసెతో ఆగవలసినది డబ్బా అంతా అవుతుంది.

మన అడవి అంచు కుటుంబాలలో

ఇవన్నీ పట్నం పిల్లల జబ్బులు, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల దాకా ఉన్న మన ప్రాంతంలో ఈ బాధకు అనుకూలమైన పరిస్థితులు తక్కువేమీ లేవు.

మొదటిది, కొరత వెంట సమృద్ధి రావడం. వానకాలంలో పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని రోజులు అడవి పల్లెలకు తెలియనివి కావు. వేసవిలో తునికాకు డబ్బులు వచ్చినప్పుడు, మిరప కోతల కూలి చేతికి అందినప్పుడు ఇంట్లో ఒక్కసారిగా అన్నీ కనిపిస్తాయి. ఉన్నప్పుడే తినాలి, రేపు ఉంటుందో లేదో అన్న బుద్ధి అలాంటి ఇంట పెరిగిన బిడ్డకు సహజంగా అబ్బుతుంది. అది లోపం కాదు, బ్రతుకు నేర్పిన పాఠం. 2017లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఉచిత ఆహార కేంద్రాలకు వచ్చే పేద కుటుంబాలపై కరొలిన్ బెకర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో కూడా ఇదే తేలింది. ఇంట తిండికి కొరత ఎంత ఎక్కువైతే, ఆపుకోలేని తిండి బాధ అంత ఎక్కువగా కనిపించింది. అంటే ఇది కలిగినవారి జబ్బు మాత్రమే కాదు.

రెండవది, హాస్టల్ జీవితం. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో గంట కొడితే తినడం, గంట కొడితే లేవడం అలవాటైన పిల్లలు ఎప్పుడు, ఎంత తినాలో తామే నిర్ణయించుకోవలసిన అవసరం లేకుండా పెరుగుతారు. డిగ్రీకో, కోచింగ్‌కో పట్నం చేరి అద్దె గదిలో దిగినప్పుడు గంట కొట్టేవారు ఉండరు. వంద రూపాయలు జేబులో ఉంటాయి, సందు చివర మిర్చి బజ్జీల బండి ఉంటుంది, ఫోన్లో ఆర్డరు ఇస్తే గది ముందుకు తెచ్చేవారు ఉంటారు. నిర్ణయించే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

మూడవది, నిద్ర. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి గనుల ప్రాంతాల్లో షిఫ్టుల మీద పనిచేసే యువకులు ఉన్నారు. పరీక్షలకు తెల్లవార్లూ చదివే పిల్లలు ఉన్నారు. నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పుట్టించే రసాయనం పెరుగుతుంది, చాలు అనిపించే రసాయనం తగ్గుతుంది. నిద్రలేని మనిషి తిండి విషయంలో చేసే నిర్ణయం ఏసావు నిర్ణయం లాంటిదే.

అయితే ఈ నేల మీదనే ఒక మంచి సంప్రదాయం కూడా ఉంది. కోయ సోదరులు కొత్త పంట చేతికి వచ్చినా ఊరంతా కలిసి కొత్తల పండుగ జరుపుకునే వరకు దానిని నోట పెట్టరు. ఎప్పుడు తినాలన్నది ఆకలిగొన్న ఒక్క మనిషికి వదలకుండా, ఊరు ముందే కూర్చుని నిర్ణయిస్తుంది. ఆ రోజున అందరూ కలిసి తింటారు. నిర్ణయం ముందు, తిండి తరువాత, అదీ నలుగురి మధ్య. మన పాఠానికి కావలసిన మూడు సంగతులూ ఇందులో ఉన్నాయి.

పునీత ఇగ్నేషియస్ వారి సలహా

యేసుసభ స్థాపకులైన పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో భోజనం గురించి ఎనిమిది నియమాలు వ్రాశారని చాలామందికి తెలియదు. ఆ గ్రంథానికి 1548లో పోపుగారి ఆమోదం లభించింది. ఎనిమిదో నియమం సారాంశం ఇది. తరువాతి భోజనంలో ఎంత తినాలో, ఈ భోజనం ముగిశాక గాని, ఆకలి లేని మరొక వేళ గాని నిర్ణయించుకోవాలి. ఏడో నియమంలో, తినేటప్పుడు మనసంతా తిండిలోనే మునిగిపోకుండా, ఆత్రపడకుండా, తన మీద తాను అధికారం కలిగి తినమన్నారు. నేటి వైద్యులు చెప్పేది దీనికి దూరం కాదు.

ఆయన ఈ మాటలు అనుభవం లేకుండా వ్రాయలేదు. 1522-23లో మన్రేసా పట్టణంలో ఉన్నప్పుడు, తన పాపాలను గురించిన తీరని సందేహాలతో నలిగిపోతూ, దేవుడు శాంతి ఇచ్చేదాకా అన్నపానీయాలు ముట్టనని తీర్మానించుకున్నారు. ఒక వారమంతా ఏమీ తినలేదు. పాపసంకీర్తనం విన్న గురువు ఉపవాసం విరమించమని ఆజ్ఞాపించగా విధేయులయ్యారు. నిరాశలో చేసిన కఠిన తీర్మానాన్ని మరొకరి మాట విని మార్చుకోవడం ఆయనకు అవమానం కాలేదు. తరువాతి కాలంలో, 1548లో, ఫ్రాన్సిస్ బోర్జియా వారికి జాబు వ్రాస్తూ, ఉపవాసాలు తగ్గించి శరీరాన్ని బలంగా ఉంచుకోమని ఆయనే కోరారు. మనసు చీకటిలో ఉన్నప్పుడు పాత మంచి నిర్ణయాలను మార్చవద్దని కూడా ఆయన బోధించారు. రాత్రి పదిన్నర గంటలు అలాంటి చీకటి వేళ.

ఆచరణలో ఏమి చేయాలి?

1. రోజుకు మూడు పూటలా తినండి. మధ్యలో రెండుసార్లు కొద్దిగా ఏదైనా తినండి. రెండు తిండ్ల మధ్య సుమారు నాలుగు గంటలు మించకుండా చూసుకోండి. ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సలో ఇది ముఖ్యమైన మెట్టు. రాగి జావ, వేయించిన పల్లీలు, అరటిపండు, పెరుగన్నం చాలు. నిన్న రాత్రి ఎక్కువ తిన్నా సరే, ఈ ఉదయం టిఫిన్ మానవద్దు.

2. ఉదయం తిన్న తరువాత, కడుపు శాంతించిన వేళ, రాత్రి ఏమి తినాలో ఎక్కడ తినాలో ఒక కాగితం మీద వ్రాసుకోండి. మూడు మాటలు చాలు. రాత్రి ఆకలి వచ్చినప్పుడు కొత్తగా నిర్ణయించే పని ఉండదు.

3. "ఇలా అయితే అలా చేస్తాను" అని ముందే అనుకోండి. "ఇంటి ఫోన్ తరువాత మనసు చెదిరితే, గదిలోకి పోకుండా అక్క దగ్గర కూర్చుంటాను." ఇలాంటి స్పష్టమైన తీర్మానం "గట్టిగా ఉంటాను" అన్న ఒట్టు కంటే బాగా పనిచేస్తుందని పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రజ్ఞుడు 1999లో వివరించాడు.

4. ప్రతి రాత్రి ఆత్మశోధనలో ఒక ప్రశ్న చేర్చుకోండి. నేను వాయిదా వేస్తున్నది ఏమిటి? తప్పిన సబ్జెక్టు కావచ్చు, ఇష్టం లేని సంబంధం కావచ్చు, అప్పు కావచ్చు. చాలాసార్లు తిండి దగ్గర కనిపించే గందరగోళానికి మూలం తిండి కాదు. ఆ పనిలో అతి చిన్న మెట్టు ఏదో చూసి మర్నాడు పగటిపూట చేయండి. మనం ఊహించుకున్న అమ్మాయి విషయంలో ఆ మెట్టు నాయనకు ఒక ఫోన్.

5. ఒకనాడు తప్పితే, నిండా మునిగామని అనుకోవద్దు. తరువాతి పూట మామూలుగా తినండి. కడుపు మాడ్చుకుని శిక్ష వేసుకోవద్దు. శిక్ష వేసుకున్న కొద్దీ ఆ చక్రం మళ్లీ తిరుగుతుంది.

తల్లిదండ్రులకు

"పందిలాగ తింటున్నవు", "ఎంత లావయినవో చూసుకో, నిన్నెవడు చేసుకుంటడు" అన్న మాటలు మన ఇళ్లలో నవ్వుతూనే అంటారు. ఆ మాట పడిన బిడ్డ అందరి ముందు తినడం మానేస్తుంది, అందరూ పడుకున్నాక తింటుంది. రాత్రి అన్నం గిన్నె ఖాళీగా కనిపిస్తే, పొద్దున్నే దొంగను పట్టుకున్నట్టు నిలదీయకండి. "ఈ మధ్య నీ మనసు మంచిగ లేనట్టుంది బిడ్డా. రా, నాతో కూసోని తిను" అని పిలవండి. అన్నం డబ్బాకు తాళం వేయడం కంటే పక్కన పీట వేయడం మేలు.

ఇది పాపమా అని కొందరు యువతీయువకులు భయపడతారు. భోజనప్రియత్వం మూల పాపాలలో ఒకటని మనం నేర్చుకున్నాం. అయితే 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1735వ పేరాలో, భయం, అలవాటు, మానసిక, సామాజిక కారణాలు మనిషి చేసిన పనికి అతని బాధ్యతను తగ్గించవచ్చునని, ఒక్కొక్కసారి పూర్తిగా తీసివేయవచ్చునని శ్రీసభ బోధించింది. తన స్వాధీనంలో లేని వ్యాధిని, తెలిసి చేసిన భోగాన్ని ఒకే త్రాసులో తూచకూడదు. సందేహం ఉన్నవారు గురువులతో మాట్లాడాలి.

తపస్కాలం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాస నియమం పద్దెనిమిదేళ్లు నిండినవారికి వర్తిస్తుంది. వ్యాధిగ్రస్తులకు దాని నుండి మినహాయింపు ఉంది. ఆపుకోలేని తిండితో బాధపడే బిడ్డకు కటిక ఉపవాసం ఆ బాధను రగిలించవచ్చు. అలాంటివారు విచారణ గురువులను అడిగి, ఉపవాసానికి బదులు జపమాల, రోగుల సందర్శన, ఫోన్ మానుకోవడం వంటి మరొక తపస్సును ఎంచుకోవచ్చు. ఏలీయా ప్రవక్త నిరాశతో చెట్టు క్రింద పడుకుని చావు కోరినప్పుడు దేవదూత ఆయనకు మొదట ఉపదేశం చేయలేదని 1 రాజులు 19వ అధ్యాయంలో చదువుతాం. రొట్టె, నీరు ఇచ్చి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. ప్రయాణం సంగతి, దేవుని మాట ఆ తరువాతే వచ్చాయి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

పైన చెప్పిన గుర్తులు మూడు నెలలుగా ఉంటే, లేదా అంతకంటే ముందే చదువు, పని, నిద్ర దెబ్బతింటుంటే వైద్య సహాయం తీసుకోవాలి. తిన్న తరువాత కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. రక్తంలో పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే బిడ్డను ఒంటరిగా వదలకండి.

ఖమ్మం, కొత్తగూడెం పట్టణాలలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి ఆసుపత్రులలో మానసిక వైద్యం గురించి అడగండి. చర్ల, దుమ్ముగూడెం వంటి చోట్ల నుండి ప్రయాణం కష్టమైతే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రాత్రింబవళ్లు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆలోచన తీరును, తినే తీరును క్రమంగా సరిదిద్దే మాటల చికిత్సతో చాలామంది బాగుపడుతున్నారు. సన్నబడే మందులు, పొడులు అమ్మేవారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో రోజుకు కనీసం ఒక పూట అందరం కలిసి తింటున్నామా? లేకపోతే ఏ పూట వీలవుతుంది?

2. పిల్లలు ఓడిపోయినప్పుడు ఆ మాట భయం లేకుండా చెప్పగలిగేలా మనం ఉంటున్నామా?

3. ఒకరి ఒంటిని గురించి, కంచాన్ని గురించి మన ఇంట్లో ఎలాంటి హాస్యాలు నడుస్తున్నాయి?

4. మనలో ఒక్కొక్కరం వాయిదా వేస్తున్న నిర్ణయం ఏది? దానిని ఈ వారం ఏ రోజు, ఏ వేళ కూర్చుని తేల్చుకుందాం?

నాలుగో ప్రశ్నకు జవాబు ఆదివారం మధ్యాహ్నం, అందరూ కడుపునిండా భోంచేశాక వెతకండి.